తేటనీటి పరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



కొలిమిగుండ్ల ప్రాంతమున నీటిని కంటితో చూచి మెచ్చుట వాడుక. బావి అడుగు కనబడినచో ఆ నీరు మంచిదందురు. కుండలో ఒక రాత్రి నిలిచినను మడ్డి దిగకున్నచో మరియు మంచిదందురు. ఉప్పదనము, సున్నపు రుచి, కంపు, రంగు, ఇవి నాలుకకును, ముక్కునకును, కంటికిని తెలియును. కలరా, టైఫాయిడు, అతిసారము కలిగించు సూక్ష్మజీవులు మాత్రము వీనిలో దేనికిని తెలియవు. చెంబెడు నీటిలో అవి వేలకొలదిగా నున్నను ఆ నీరు అద్దమువలె తేటగనే యుండును.

ఈ మాట అన్ని ఊళ్ళకును వర్తించునదే. సున్నపురాతి నేలకు మరింత వర్తించును. కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు; ఈ మండలమునందలి బెలుం గుహలే చాలును. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహలను పేర్కొనెను. 1982, 83 సంవత్సరములలో డానియల్ గెబవర్ నాయకత్వమున జర్మను బృందమొకటి వానిని శోధించినది. 3,229 మీటర్ల పొడవు గల ఆ బిలమును ఏ మానవుడును త్రవ్వలేదు. వాననీరు గాలినుండియు మట్టినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, స్వల్పముగ పులుసెక్కి, రాతి నెరియలను కరగించుచు యుగములతరబడి చేసిన పని అది. గుహలో మిక్కిలి లోతైన చోట పాతాళగంగ యను చిన్న ధార పారి నేలలో అదృశ్యమగును. ఆ నీరు రెండు కిలోమీటర్ల దూరమున నున్న బెలుం గ్రామపు బావికి చేరునని జనులు నమ్ముదురు. ఆ నమ్మకము నిజమైనను కాకున్నను అందలి ఊహ శాస్త్రసమ్మతమే. ఇసుక నేలలో నీరు అంగుళమంగుళముగ ఇంకును. దారిలో సూక్ష్మజీవులు ఇసుకరేణువులకు అంటుకొని చాలవరకు నశించును. సున్నపురాతి నెరియలో నీరు ఇంకదు, పరుగెత్తును. పెంటదిబ్బమీదనో, మరుగుదొడ్డి గుంటప్రక్కనో కురిసిన వాన ఏ వడపోతయు లేక బావిలో చేరుటకు ఒక్కొక్కప్పుడు ఒక రాత్రి చాలును. 1988 వరకు చుట్టుప్రక్కలవారు బెలుం గుహలలో చెత్త పడవేయుచుండిరన్న సంగతిని ఇచ్చట తలచుకొనవలెను.

ఇట్టి నేలలో ఏమి జరుగగలదో చూపిన ఊరు కెనడా దేశమున కలదు. ఆంటారియో రాష్ట్రమునందలి వాకర్టన్ ఐదువేలకు లోపు జనాభా గల ఊరు. అచ్చటి నీటిబావులలో నొకటి లోతులేనిది. దాని క్రిందిది పగుళ్ళుబారిన సున్నపురాతి జాతి శిల. ప్రక్కది పశువుల ఎరువు చల్లిన పొలము. ఎరువు చల్లిన రైతు దోషమేమియు లేదని తరువాతి విచారణలో తేలినది. 2000వ సంవత్సరము మే నెలలో పెద్దవానలు కురిసినవి. 15వ తేదీన తీసిన నమూనాలలో మలసంబంధమైన సూక్ష్మజీవులున్నవని ప్రయోగశాల 17వ తేదీన నీటి నిర్వాహకునకు తెలిపెను. అతడు ఆ సంగతి దాచెను. ఆరోగ్యాధికారులు అడిగినపుడు నీరు బాగుగనే యున్నదని చెప్పెను. నీరు కాచి త్రాగవలెనన్న ప్రకటన 21వ తేదీన గాని వెలువడలేదు. ఏడుగురు మరణించిరి; సుమారు 2,300 మంది జబ్బుపడిరి. పరీక్ష జరుగకపోలేదు. ఫలితము త్రాగువారికి చేరలేదు.

సముద్రముల కావలి కథ యేల యని యెవరైన అడుగవచ్చును. 2021 ఏప్రిలులో పాణ్యం మండలపు గోరుకల్లులోను, ఆదోని పట్టణములోను అతిసారము ప్రబలి ప్రాణములు పోయినవి. అది సముద్రముల కావలిది కాదు.

ఇక ఆ పరీక్ష యెట్టిదో చూడవలెను. ఫుట్ బెలుం గుహలను పేర్కొన్న 1884లోనే జర్మను వైద్యుడు రాబర్ట్ కోఖ్ కలకత్తాలో, కలరా సోకినవారు వాడిన చెరువునీటిలో ఆ వ్యాధిక్రిమిని కనుగొనెను. అయినను ప్రతి బావిలోను కలరా క్రిమినే వెదకుట కష్టము. అది ఒకనాడుండును, మరునాడుండదు. ఆ మరుసటి సంవత్సరమున థియొడోర్ ఎషెరిష్ అను శిశువైద్యుడు పసిబిడ్డల మలములో వేరొక సూక్ష్మజీవిని వర్ణించెను. ఈ. కోలై అని పిలువబడు ఆ జీవి మనుష్యుల ప్రేగులలోను, పశువుల ప్రేగులలోను కోట్లకొలది నివసించును. అది నీటిలో కనబడినచో ఆ నీటిలో మలము కలిసినదని యర్థము. దొంగ దొరకకున్నను దొడ్డిలో అడుగుజాడ దొరికినట్లు. దాని జాతులలో పెక్కు నిరపాయములు, కొన్ని ప్రాణాంతకములు. వాకర్టన్‌లో చంపినవానిలో అట్టిదొకటి కలదు.

ప్రయోగశాలలో పాలచక్కెర కలిపిన పోషకద్రవమును గాజునాళికలలో పోసి, అందు నమూనా నీటిని కలిపి, శరీరపు వేడికి సమమైన 37 డిగ్రీలలో ఒకటి రెండు దినములుంచుదురు. ఈ జాతి జీవులున్నచో ద్రవము పులిసి వాయువు పుట్టును. పిదప 44 డిగ్రీల వేడిలో మరల పరీక్షించి మలసంబంధమైనవానిని నిర్ధారింతురు. 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము 100 మిల్లీలీటర్ల త్రాగునీటిలో ఈ. కోలై ఒక్కటియు కనబడరాదు.

ఆహారపరీక్షకును ఇదే మూలసూత్రము. పాలలో మిథిలిన్ బ్లూ అను నీలిరంగు చుక్క వేసి వెచ్చగ నుంచినచో సూక్ష్మజీవులు హెచ్చుగ నున్న పాలు త్వరగ తెల్లబడును. పాల కేంద్రములవారు దీనిని ఎరుగుదురు. అయినను పెండ్లిపందిటి మజ్జిగలో పోయునది బావినీరే కనుక మరల నీటికే రావలెను.

నమూనా తీయుటలోనే సగము పరీక్ష చెడును. కొబ్బరినూనె సీసాను కడిగి నింపి పంపినచో ఆ ఫలితము సీసాకు చెందునే గాని బావికి చెందదు. ప్రయోగశాలవారిచ్చిన క్రిమిరహితమైన సీసానే కొనిపోవలెను. పంపునకు గుడ్డ కట్టియున్నచో విప్పి, మూతిని తుడిచి, స్పిరిటు మంటతో కాల్చి, కొన్ని నిమిషములు నీటిని పారనీయవలెను. సీసాను లోపల కడుగరాదు. అందు వేసియుంచిన మందు నీటిలోని క్లోరినును విరుచుటకై యున్నది. మూతి లోపలివైపు వ్రేలు తగులరాదు. పైన కొంత ఖాళీ వదలి బిగించి, స్థలము, తేదీ, వేళ వ్రాసి, మంచుగడ్డలనడుమ ఆరు గంటలలో చేర్చుట మేలు. 24 గంటలు దాటినచో పనికిరాదు.

ఊరిలోనే చేయదగిన పరీక్షయు నొకటి కలదు. 1982లో గ్వాలియరు రక్షణ పరిశోధనాలయమునకు చెందిన మంజా, మౌర్య, రావు అను శాస్త్రజ్ఞులు దానిని ప్రకటించిరి. మందు పట్టించిన కాగితపు ముక్క గల చిన్న సీసాలో నీరు నింపి వెచ్చని చోట ఒక దినముంచినచో, మలసంబంధమైన సూక్ష్మజీవులున్న నీరు నల్లబడును. కొన్ని లోతు బావుల నీటిలో సహజముగ నుండు గంధక వాయువు వలనను నలుపు రావచ్చును. కనుక ఇది అనుమానమునకే గాని తీర్పునకు కాదు. నల్లబడిన సీసా కనబడగనే నీటిని కాచుచు, నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపవలెను. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ నియమముల ప్రకారము ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు ఇట్టి పరీక్షలలో శిక్షణ నీయవలసియున్నది.

దోషము తేలినచో బావికి తగు మోతాదున బ్లీచింగు పొడి వేసి, కొళాయి చివర లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగులునట్లు చూచి, మరల నమూనా పంపుదురు. రెండవ నమూనా లేని మందు గ్రుడ్డి వైద్యము.

ఫలితపు కాగితమునకు పెద్ద చోటు అక్కరలేదు. బావి పేరు, నమూనా తీసిన తేదీ, ‘కలవు’ లేక ‘లేవు’ అను ఒక్క మాట చాలును. వార్తాపత్రికల బల్లకెదురుగ గోడకు అంటించినచో చదువరులు చదువురానివారికి చదివి చెప్పుదురు. అప్పుడు దానిని దాచుట ఎవరికిని సాధ్యము కాదు. సంవత్సరమునకొక్క నమూనాయే పంప వీలైనచో దానిని వేసవిలో పంపుట వ్యర్థము. నెరియలు పొడిగ నున్నపుడు బావి నిర్దోషిగ తోచును. మొదటి పెద్దవాన కురిసిన మరునాడు తీసిన నమూనాను పంపవలెను.