పల్లె రిజిస్టరు, పరదేశ విశ్వవిద్యాలయం



సాహిత్య సదస్సులో అధ్యక్షుడు ప్రజారోగ్యం ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒమన్ రాజధాని మస్కట్‌లోని ఈ దార్సైట్‌లో కాకపోతే ఇంకెక్కడ ఎత్తుకోవాలి? ఈ వీధుల్లో గుడికీ బడికీ మధ్య కాపురముంటున్న మన తెలుగు కుటుంబాల్లో ఆసుపత్రి జీతం మీద నడిచేవి తక్కువేమీ కాదు.

పక్కనే ముత్రా. 1970కి ముందు ఈ దేశంలో ఆసుపత్రి అంటే అమెరికన్ మిషన్ వాళ్లు ముత్రాలో, మస్కట్‌లో నడిపినవే ప్రధానం. ముప్పై ఏళ్లు తిరిగేసరికి, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 191 దేశాల ఆరోగ్య వ్యవస్థలకు వరుస కట్టి ఒమన్‌కు 8వ స్థానం ఇచ్చింది. మన భారతదేశానిది 112. ఆ లెక్క కట్టిన తీరు మీద విమర్శలున్నాయి, కనుక అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ 2012లో ట్రకోమా అనే కంటిజబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిన తొలి దేశంగా ఒమన్‌ను అదే సంస్థ ధ్రువీకరించింది. మనం ఆ ధ్రువీకరణ అందుకున్నది 2024 అక్టోబరులో. ఇదంతా చమురు డబ్బు మహిమ అనేవాళ్లున్నారు. డబ్బు పెడితే డాక్టర్లు దిగుతారు, నిజమే. డాక్టర్లను ఇక్కడే తయారు చేసుకోవాలని 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తెరిచి, 2006లో ప్రత్యేక వైద్య శిక్షణకు సొంత బోర్డు పెట్టుకోవడం డబ్బుతో మాత్రమే అయ్యేది కాదు. ఉద్యోగాల్లో ఒమనీలనే నింపే ఒమనీకరణ మాట వినబడితే మన నర్సులకు గుండె ఝల్లుమంటుంది. ఆ భయం న్యాయమైనదే. అయినా బయటి నుంచి వచ్చిన గురువు అవసరం తీరిపోవడమే భాగస్వామ్యానికి గెలుపు అని ఒప్పుకోక తప్పదు.

కానీ మన దగ్గర విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం అంటే శాలువా, జ్ఞాపిక, రెండు జెండాల మధ్య ఫోటో. ఆ ఫోటో వెనక ఏం ఉండాలో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు.

1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అంగన్‌వాడీ పథకం అప్పుడప్పుడే విస్తరిస్తోంది. పథకం చేరిన 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న–సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. పథకం ఇంకా చేరని 14 పల్లెల్లో అది లేదు. పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా అన్నదే అప్పటి ప్రశ్న. తల్లుల వివరాలు, బిడ్డల బరువులు కాగితం మీదికెక్కాయి.

2003–05 మధ్య బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు హైదరాబాద్ వాళ్లతో కలిసి ఆ పిల్లలను మళ్లీ వెతికారు. 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మందిని కొలిచారు. 2008లో ఫలితం అచ్చయింది. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. పద్నాలుగు మిల్లీమీటర్లా అని నవ్వకండి. వాళ్లలో షుగరుకు దారితీసే ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. తల్లి కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ పసితనంలో తిన్న తిండి, ఆ బిడ్డకు మీసాలొచ్చే వయసులో షుగరు దారిని మార్చగలదని ఆ పల్లెలు సూచించాయి. షుగరు లేని ఇల్లు వెతుక్కోవలసిన జాతికి ఇది చిన్న వార్తా? బ్రిటన్ వాళ్లు కొత్త పరికరాలు తెచ్చారు, లెక్కలు కట్టే నేర్పు తెచ్చారు. కానీ పాత రిజిస్టరు లేకపోతే ఆ నేర్పుకు పని లేదు. అది రాసినవాళ్లు మన పల్లెల్లో తిరిగిన మామూలు ఉద్యోగులు.

కళ్ల విషయంలోనూ ఇంతే. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. 1996–2000 మధ్య ఆ సంస్థ హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మంది కళ్లు పరీక్షించింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఒకరు ఆ పనిలో తోడు. గుడ్డితనంలో 60 శాతం శుక్లాల వల్ల, కళ్లజోడు లేకపోవడం వల్లేనని తేలింది. అంటే ఆపరేషనో, అద్దాలో చాలు. అందుకే ఇంటర్ చదివిన పల్లె పిల్లలకు ఏడాది శిక్షణ ఇచ్చి, 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం చొప్పున పెట్టడం మొదలైంది. 2017 నాటికి ఆ సంస్థే ఆఫ్రికాలోని లైబీరియాకు కంటివైద్యం నేర్పే స్థితికి చేరింది.

ఇక మన సంగతి. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు, ఎండలో కట్టడాల పని చేసే మగవాళ్లు ఈ నగరంలో మనకు రోజూ ఎదురవుతారు. వీసాకు ముందు వాళ్లకు వైద్య పరీక్ష ఉంటుంది. అది యజమాని అవసరం. పదేళ్లు పనిచేసి ఊరికి పోయేటప్పుడు బీపీ ఎంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి అని అడిగే రిజిస్టరు ఏది? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఎండలో ఒళ్లు వంచే పని అందులో ఎంత అన్నది ఇక్కడా అక్కడా కలిపి అడగదగిన ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలో మొదలైందీ 1986లోనే, సుల్తాన్ ఖాబూస్ తలుపులు తెరిచిన ఏడే. ఈడు కలిసింది, పని కలవాలి. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్నీ కలుపుకుందాం. వలస కార్మికుల ఆరోగ్యం మీద ఈ మూడూ కలిసి పనిచేయాలని, ప్రశ్నలు తెలుగులో అడగాలని, ఫలితాలు ఆంగ్ల పత్రికలతో ఆగక తెలుగులోనూ అచ్చు కావాలని, వివరాలు రెండు దేశాల్లోనూ భద్రపడాలని ఈ సదస్సు ఒక తీర్మానం చేయాలని నా ప్రతిపాదన. ఇక్కడి డాక్టర్లు, నర్సులు పేర్లివ్వండి. రచయితలు ఆ ఫలితాలను ఊళ్లో అక్కకు అర్థమయ్యేలా రాసే బాధ్యత తీసుకోండి. తీర్మానం ముసాయిదా మధ్యాహ్నం సమావేశంలో చర్చకు వస్తుంది. భోజనం కాగానే వెళ్లిపోకండి.