విమర్శను తూచే కొలత

షాద్‌నగర్‌లో ఈరోజు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీలో కథలు రాయాలన్న కోరిక ఉన్నవారికి ఒక మాట చెప్పదలిచాను. విమర్శను తట్టుకోవాలని అందరూ అంటారు. తట్టుకుంటే చాలదు, తూచడం రావాలి. ఆ తూకం చదువుకున్న కొద్దీ వస్తుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు తేల్చేసినప్పుడు, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి మాటకు మాట అని ఊరుకోలేదు. జిల్లాల నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అంతమందిని చదివి పోగుచేశారు కాబట్టే ఆ విమర్శ నిలవలేదు.

అట్లని ప్రతి విమర్శనూ తిప్పికొట్టమని కాదు. కన్యాశుల్కం నాటకం 1892లోనే రంగస్థలమెక్కి మెప్పు పొందింది, 1897లో అచ్చయింది. అయినా గురజాడ ఆ మెప్పుతో ఆగక, దాన్ని తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. మనం నేడు మెచ్చుకునే మధురవాణి పాత్ర ఆ రెండో కూర్పులోనే అంతగా ఎదిగింది. మరి ఏ మాట వినాలి, ఏది వదలాలి? బొంబాయికి వలసపోయిన కూలీ మీద మీరు కథ రాశారనుకోండి. “అతను తిరిగి ఎందుకు రాలేదో తెలియలేదు” అని చదివినవారు అంటే నమ్మండి. తడబడింది వారే కదా. “అయితే అతన్ని చంపేయ్” అంటే మాత్రం ఆగండి. రోగం చెప్పగలిగిన ప్రతివారూ మందు చెప్పలేరు. మందు వెతకాల్సింది మీరు. ఇలాంటి చిక్కును ఇతర కథకులు ఎలా దాటారో చదివితేనే అది దొరుకుతుంది.

ఎక్కువ చదివితే సొంత గొంతు పోతుందని కొందరి భయం. పాకల యశోదారెడ్డిని చూడండి. ఉస్మానియాలో తెలుగు బోధించిన విదుషి, ప్రాచీన కావ్యాలు చదువుకున్న మనిషి. అయినా ‘మా ఊరి ముచ్చట్లు’ పాలమూరు పలుకుబడిలోనే రాశారు. గ్రాంథికం రాక యాసలో రాయలేదు, అన్నీ తెలిసి ఎంచుకున్నారు. ‘నీ యాస అర్థం కాదు’ అనేవారు మీకూ ఎదురవుతారు. అర్థం కానిది మాటా, వాక్యమా అని అడగండి. వాక్యమైతే దిద్దండి, మాటైతే నిలుపుకోండి.

రాసిన కథను మెచ్చేవారికే చూపించకండి. ఒక్క కథ రాసేముందు పది కథలు చదవండి.