చెట్టు చేవను తినే కుక్కగొడుగు



ఒకామె పెరట్లో నల్లతుమ్మ చెట్టును పెంచింది. కూతురి పెళ్ళినాటికి అక్కరకొస్తుందని దాచుకుంది. ఒకరోజు కలప బేరగాడు వచ్చాడు. గొడ్డలి వెనక్కి తిప్పి మానును కొట్టి చూశాడు. డొల్లగా మోగింది.

"అమ్మా, దీనికి కలప ధర రాదు. పొయ్యిలో కట్టెల ధరే" అన్నాడు.

"చెట్టు పచ్చగా ఉంది కదా! మోసం చేస్తున్నావా?" అందామె.

కొట్టి చూస్తే మాను లోపల చేవ లేదు. తెల్లగా, మెత్తగా పీచు ఉంది. చెద తిన్నదా? చెద తింటే మట్టి కనిపిస్తుంది. ఇక్కడ మట్టి లేదు. తిన్నది కుక్కగొడుగు.

ఇలాంటి నష్టం చాలా ఊళ్ళలో జరుగుతూనే ఉంటుంది. ముందే గుర్తుపట్టడం ఎలా?

మనకు బయట కనిపించే గొడుగు కాయ లాంటిది. అసలు జీవి మాను లోపల ఉంటుంది. సన్నని దారాల్లా కర్రలో పాకుతుంది. దాన్ని శిలీంధ్రం అంటారు. గొడుగు నుంచి కోట్ల కొద్దీ పొడి రేణువులు గాలిలో ఎగురుతాయి. గొడ్డలి గాటు, విరిగిన కొమ్మ, మంట కాల్చిన మచ్చ దొరికితే లోపలికి దూరతాయి. నీళ్ళు చేవ చుట్టూ ఉండే లేత కర్రలోంచి పైకి పోతాయి. అందుకే చేవ పోయినా ఆకు పచ్చగానే ఉంటుంది.

ముఖ్యంగా రెండు రకాలను గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది గానోడెర్మా. వానాకాలంలో చెట్టు మొదట్లో, నేలకు ఆనుకుని వస్తుంది. పైన ఎర్రగా, వార్నీషు పూసినట్టు మెరుస్తుంది. అడుగున తెల్లగా ఉంటుంది. సూదితో పొడిచినట్టు సన్న రంధ్రాలుంటాయి. ఇది వేళ్ళను కుళ్ళబెడుతుంది. వేళ్ళ ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. తుమ్మకే కాదు, సరుగుడుకూ కొబ్బరికీ వస్తుంది.

రెండోది ఫెల్లినస్. మాను మీద, కొమ్మ విరిగిన చోట వస్తుంది. ఎద్దు గిట్టలా, కర్రలా గట్టిగా ఉంటుంది. పైన నల్లగా పగుళ్ళుంటాయి. విరిస్తే లోపల తుప్పు రంగు. ఏటేటా పెరుగుతుంది. తుమ్మ, సండ్ర చెట్ల చేవను తినేది ఈ జాతే.

గొడుగును పీకేస్తే రోగం పోతుందా? పోదు. లోపలి దారాలు అలాగే ఉంటాయి. లోపల కుళ్ళిన మానుకు మందు లేదు. జాగ్రత్తే మందు.

చెట్టు మొదట్లో మంట వేయవద్దు. మానుకు గాట్లు పెట్టవద్దు. కొమ్మ తీయాలంటే గొడ్డలితో చీల్చకుండా రంపంతో నున్నగా కోయాలి. గానోడెర్మా కనిపిస్తే ఆ చెట్టు చుట్టూ రెండడుగుల లోతు కందకం తవ్వాలి. పక్క చెట్లకు పాకకుండా ఉంటుంది. చెట్టు కొట్టేశాక మొద్దునూ వేళ్ళనూ తవ్వి కాల్చేయాలి.

కుళ్ళిన చెట్టు గాలివానకు విరిగి పడుతుంది. దానికి పిల్లల ఊయల కట్టవద్దు. పశువులను కట్టవద్దు.

గుమ్మాలకు కొన్న కర్రను బాగా ఆరబెట్టాలి. కర్రలో తేమ నూటికి 20 పాళ్ళ లోపు ఉంటే ఈ కుళ్ళు పట్టదు.

ఆమె పెరట్లో ఇంకో తుమ్మ మొక్క పెరుగుతోంది. ఇప్పుడు దాని మొదట్లో చెత్త తగలబెట్టడం లేదు. వానాకాలం వస్తే మాను చుట్టూ తిరిగి చూస్తోంది. మన చెట్లను మనమూ అలాగే చూసుకుందాం. బేరగాడు రాకముందే చూసుకుందాం.