మైలుతుత్తపు లెక్క

కరణ్‌కోట పరిసరములు సున్నపురాతి నేలలు. సిమెంటు కర్మాగారము అచట వెలయుటకును, తాండూరు నాపరాయి మన అరుగులపైకి వచ్చుటకును ఆ రాయియే కారణము. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండునదియు ఆ ప్రాంతపు నల్లరేగడిలోనే. కంది మాట అటుంచి, బావుల క్రింద టమాటా, మిరప, నిమ్మ పెంచి మైలుతుత్తము చల్లువారితో నేడు మేము ఒక లెక్క ముచ్చటింపదలచినాము.

బోర్డో మిశ్రమమును 1885లో ఫ్రాన్సు ద్రాక్షతోటల తెగులుకు మందుగా మిల్లార్డే ప్రకటించెను. నూరు లీటర్ల నీటికి కిలో మైలుతుత్తము, కిలో సున్నము. మైలుతుత్తములో నాలుగవ వంతు రాగి. ఎకరమునకు 500 లీటర్ల చొప్పున ఏటా నాలుగుమార్లు చల్లినచో 5 కిలోల రాగి పడును. పదేండ్లకు 50 కిలోలు. పంటతో పోవునది గ్రాములలోనే. రాగి మూలకము గనుక ఎండకు గాని సూక్ష్మజీవులకు గాని విరిగిపోదు. చాలవరకు పైమట్టిలోనే నిలుచును. ఎకరపు పై ఆరంగుళముల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగును. అనగా కిలో మట్టికి 55 మిల్లీగ్రాముల రాగి క్రొత్తగా చేరినదన్నమాట. ఐరోపా సమాఖ్య 2019లో హెక్టారునకు ఏడేండ్లలో 28 కిలోలు మించరాదని కట్టడి చేసినది. మన లెక్కన అంత రాగి మూడేండ్లకే పడుచున్నది!

మితిమీరిన రాగి మొదట వేరును పట్టును. వేరుకొనలు మొద్దువారి గోధుమవన్నెకు తిరుగును, పిల్లవేళ్లు తగ్గును, పప్పుజాతి మొక్కలలో వేరుబుడిపెలు తగ్గును. మొక్కకు ఇనుమందక లేత ఆకులు పసుపువారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. చిక్కంతయు ఇచటనే యున్నది. సున్నపు నేల రాగిని కొంత బంధించి కీడును ఆలస్యము చేయును. కాని ఇనుమును సైతము బంధించుటచే, రాగి ఎక్కువ కాకున్నను ఆకు అటులే పసుపువారును. రైతు అది తెగులని యెంచి మరల మైలుతుత్తమే కలుపును. ఆకుపై నీలిపూత కనబడినగాని మందు కొట్టిన తృప్తి కలుగనివారు మనలో లేకపోలేదు.

కావున మందు కలుపుటకు ముందు ఒక మొక్కను పారతో పెల్లగించి వేరు చూడవలెను. వేరు తెల్లగా, పీచుగా నున్నచో లోపము చాలవరకు ఇనుముదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై చల్లవచ్చును. మొద్దువారినచో రాగి మందులన్నియు ఆపి, మట్టిని పరీక్షింపజేయవలెను. పశువుల యెరువు రాగిని కొంత పట్టియుంచును గాని తొలగింపజాలదు. నమూనాను చెట్ల మొదళ్లనుండి ఒకటి, వరుసల నడుమనుండి ఒకటి వేరువేరుగా తీయవలెను. వాటిని రాగి, ఇత్తడి పాత్రలలో కలుపరాదు.