పాట కట్టినోళ్ల పేర్లు రాసుకుందాం
(గాజులరామారంలో గద్దర్ వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం గద్దరన్నను తలుచుకోవడానికి కూడినం. ఆయన సమాధి మనకు దూరం లేదు. అల్వాల్‌లో, ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయంలోనే ఉంది. 2023 ఆగస్టు 6న కన్నుమూస్తే మరునాడు అక్కడే ఖననం చేశారు.

ఆడి పాడి బతికినోళ్లను ఈ సమాజం ఏమని పిలిచింది? భాగోతపోళ్లు, అడుక్కునేటోళ్లు అన్నది. ఊరి పెండ్లికి మన డప్పు కావాలె. బంతిల మాత్రం మనం కూసోవద్దు! మా ఇంట్ల బడి మెట్లెక్కిన మొదటి తరం మేము. మేము చదివిన పుస్తకాలల్ల మా తాతల పాట ఒక్కటి కనపడలే.

అయినా మన పెద్దలకు ఆటపాటల బలం తెలుసు. 1906లోనే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి మన వాడలను మేల్కొలిపిండు. చదువు రానోళ్లకు కథే బడి అయింది.

గద్దర్ నడిచింది కూడా ఆ బాటే. అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. 1949లో తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిండు. మొదట్ల కుటుంబ నియంత్రణ ప్రచారానికి బుర్రకథలు చెప్పిండు. జనాన్ని నవ్వించి, కూసోబెట్టి, చెప్పదల్చింది చెప్పే విద్య అక్కడే పట్టుబడింది. 1970లలో జననాట్యమండలిలో అదే విద్యను కూలీల దిక్కు, రిక్షా తొక్కేటోళ్ల దిక్కు తిప్పిండు. 1913లో అమెరికాలో మన వలస కూలీలు తెల్లదొరల మీద పెట్టిన గదర్ పార్టీ పేరే ఆయన పేరయింది. బ్యాంకు కొలువు వదిలిండు. 1985 జులై 17న కారంచేడులో మనోళ్లను చంపితే, ఎదురు నిలిచిన మాదిగపల్లె మీద పాట కట్టిండు. ఆ పాట వాడవాడకూ పోయింది. 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి కాల్చారు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. పాట మాత్రం ఆగలేదు.

గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు. వాటిని చూసి సిగ్గుపడిన మనమే, వాటిని చూసి తలెత్తుకున్నం. ఆయన మనకిచ్చిన పెద్ద ఆస్తి ఇదే.

ఇంకొక్క మాట. మాభూమి సినిమాలో గద్దర్ పాడిన బండి పాట మనందరికీ వచ్చు. కట్టింది ఎవరు? గద్దరే అంటరు చాలామంది. కాదు. నైజాం మీద సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో బండి యాదగిరి కట్టిండు. పాట మిగిలింది, కట్టినోడి పేరు మరుగున పడ్డది. అంత పెద్ద పాటకే ఇట్లయితే, నాట్లేస్తూ పాట అల్లిన మన అవ్వల సంగతేంది?

2025లో సర్కారు గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇచ్చింది. మంచిదే. కానీ మన వాడ పాటను మనమే కాపాడుకోవాలె. జీడిమెట్ల ఫ్యాక్టరీల పనికి ఎన్నో జిల్లాల నుంచి వచ్చి ఈ బస్తీలల్ల ఉంటున్నం. ప్రతి ఇంట్ల ఒక ముసలవ్వ నోట్ల పాట ఉంది. ఆమె పోతే అదీ పోతది.

అందుకే అడుగుతున్నం. బస్తీకొక నోటుపుస్తకం పెడదాం. పిల్లలతో రాయిద్దాం. పాట పక్కన కట్టినోళ్ల పేరు, ఊరు తప్పక రాద్దాం. గద్దర్‌కు మనం పెట్టే పెద్ద దండ అదే.

జై భీమ్!