పేరు మార్చే ముందు

 

యాభై ఏళ్ల మన బడి ఫొటోలన్నీ ఒకచోట చేర్చే పనిని సంఘం మా బృందానికి అప్పగించింది. మీరంతా పెన్‌డ్రైవ్‌లు పంపారు. వాటిలో ఫోల్డర్ లోపల ఫోల్డర్! '2009' తెరిస్తే 'పదో తరగతి', అందులో 'వార్షికోత్సవం', అందులో 'ఐఎంజీ 0001'. పక్క బ్యాచ్ ఫోల్డర్‌లోనూ అదే 'ఐఎంజీ 0001'. చాలా డిజిటల్ కెమెరాలు నాలుగంకెలే వాడతాయి. 9999 దాటితే మళ్లీ మొదటికే వస్తాయి. అది ఏ ఏటి ఫొటోనో ఫైలు పేరు చెప్పదు, ఫోల్డర్ పేరు చూడాల్సిందే. ఫొటోను వేరే చోటికి కాపీ చేశామా, ఆ ఆనవాలూ పోతుంది.

అందుకే ఫోల్డర్ల పేర్లను ఫైలు పేరులోకి తెచ్చాం. చేత్తో అయితే ఎన్నాళ్లు పట్టేదో! లైనక్స్‌లో కొద్ది వరుసల స్క్రిప్టుతో అయిపోయింది. 'ఫైండ్' అనే కమాండ్ ఎంత లోపలున్న ఫైలునైనా వెతికి ఇస్తుంది. 'ఎంవీ' అనేది పేరు మారుస్తుంది. ఇప్పుడా ఫొటో పేరు '2009-పదో తరగతి-వార్షికోత్సవం-0001'. సంవత్సరం ముందుంది కాబట్టి ఫొటోలు ఏటి వరుసలో వాటంతటవే నిలబడతాయి.

మీ ఇంటి ఫొటోలకూ ఇలా చేసుకోవచ్చు. కాకపోతే కొన్ని జాగ్రత్తలు. అసలు ఫోల్డర్‌ను ముట్టుకోకండి, కాపీ మీదే పనిచేయండి. పేరు మధ్యలో ఖాళీ ఉంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. లేదంటే యంత్రం 'పదో తరగతి'ని రెండు పేర్లనుకుంటుంది. అదే పేరుతో మరో ఫైలుంటే 'ఎంవీ' మామూలుగా అడగకుండానే దాన్ని చెరిపేసి ఆ చోట కొత్తది పెడుతుంది. పాతది రీసైకిల్ బిన్‌లోనూ దొరకదు. 'మైనస్ ఎన్' చేరిస్తే ఉన్నదాని జోలికి పోదు. అన్నిటికంటే ముఖ్యం, మొదట 'ఎంవీ' ముందు 'ఎకో' పెట్టి నడపండి. ఏమీ మార్చకుండా, ఏది ఏమవుతుందో తెర మీద చూపిస్తుంది. ఆ జాబితాను దాచుకోండి. రేపు తేడా వస్తే పాత పేర్లకు దారి అదే.

యంత్రం చేయగలిగింది ఇంతవరకే. పాత గ్రూపు ఫొటోలో మూడో వరుస చివర నిలబడ్డ పిల్లవాడెవరో ఏ స్క్రిప్టూ చెప్పలేదు. చెప్పగలిగినవారు ఇక్కడ ముందు వరుసలో కూర్చున్న మాస్టార్లు, టీచర్లు. వారిలో కొందరు ఇప్పటికే మనకు దూరమయ్యారు. ఈ సాయంత్రం కంప్యూటర్ గదిలో ఫొటోలన్నీ తెర మీద వేస్తాం. దయచేసి వచ్చి ఒక్కొక్కరి పేరూ చెప్పండి, మేం రాసుకుంటాం. ఆ పని మాత్రం వాయిదా వేయలేం.

సెలవు.