చూసిందే రాయి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డాక్టరువి కదా, ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు చెప్పమన్నారు. బీపీ, షుగరు గురించి మీకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నేను రోజూ చూసే శ్వాసనాళం గురించి చెబుతాను.

పెద్దవాళ్లలో ఈ గొట్టం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. 16 నుంచి 20 మృదులాస్థి వలయాలు దాన్ని మూసుకుపోకుండా నిలబెడతాయి. లోపలి శైలికలు కఫాన్ని పైకి తోస్తూ ఉంటాయి. వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నవారిలో కొందరికి ఇది లోపల పుండు పడి, మానేటప్పుడు బిగుసుకుని సన్నబడుతుంది. పురుగుమందు తాగి బతికి బయటపడ్డ కుర్రవాళ్లలో ఈ బాధ చూస్తుంటాను. పాడైన భాగం చిన్నదైతే కోసేసి కొసలు కలిపి కుడతాం. సుమారు సగం దాటితే కొసలు అందవు. అప్పుడు తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: "కొత్త గొట్టం వేయలేరా సార్?"

నీళ్ల పైపు మార్చినంత తేలిక కాదది. కిడ్నీకి ఉన్నట్టు కలిపి కుట్టడానికి దీనికి ఒక పెద్ద ధమని లేదు. సన్నసన్నని రక్తనాళాలు పక్కల నుంచి వచ్చి రక్తం అందిస్తాయి. పైగా ప్రతి ఊపిరితో బయటి క్రిములు తగిలే చోటు.

కణజాల ఇంజనీరింగ్ ఇక్కడే ఆశ చూపింది. దాత గొట్టాన్ని ద్రావణాలతో కడిగి కణాలన్నీ తీసేస్తే కొలాజెన్ చట్రం మిగులుతుంది. దాని మీద రోగి కణాలనే పెంచితే శరీరం దాన్ని పరాయిదనుకోదని ఆలోచన. 2008లో పౌలో మాకియారిని అనే సర్జన్ బార్సిలోనాలో అలాంటిదే అమర్చారు. 2011లో స్టాక్‌హోమ్‌లో ఇక దాత కూడా అక్కర్లేదంటూ, ప్లాస్టిక్ గొట్టానికి రోగి మూల కణాలు పట్టించి పెట్టారు. లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది.

కానీ ప్లాస్టిక్‌కు రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? స్వీడన్‌లో ఆ గొట్టం పెట్టించుకున్న ముగ్గురూ చనిపోయారు.

అక్కడే పనిచేసే నలుగురు డాక్టర్లు రోగుల కేస్ షీట్లనూ అచ్చయిన వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. పొంతన లేదు. 2014లో ఫిర్యాదు చేశారు. మొదట వాళ్ల మాట చెల్లలేదు. 2016లో టీవీ డాక్యుమెంటరీ వచ్చాకగానీ ఆయన ఉద్యోగం పోలేదు. 2018లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. 2023లో అప్పీలు కోర్టు రెండున్నరేళ్ల జైలు శిక్ష వేసింది.

ఇదంతా చదివినప్పుడు నాకు మన ల్యాబ్ గుర్తొచ్చింది. లోలకం ప్రయోగంలో జవాబు 980 రావాలని అందరికీ తెలుసు. నేను పక్కవాడి రికార్డు చూసి 980 వేసేశాను. మాస్టారు పేజీ కొట్టేసి, "నీ లోలకం ఊగింది ఇందులో లేదురా. తప్పొచ్చినా సరే, చూసిందే రాయి" అన్నారు. మళ్లీ చేస్తే 961 వచ్చింది. భయపడుతూ ఇచ్చాను. పూర్తి మార్కులు వేసి, కింద ఎర్ర సిరాతో "దారం బంతి మధ్య వరకూ కొలిచావా?" అని రాశారు.

ఈ రంగంలో అలా రాసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఆంథొనీ అటాలా బృందం ఏడుగురు రోగులకు వారి కణాలతోనే పెంచిన మూత్రాశయ భాగాలు అమర్చి, 2006లో ఫలితాలు ప్రచురించింది. ఎంతో ఆశ కలిగింది. ఆ పద్ధతినే తరువాత పదిమంది పిల్లల్లో పరీక్షిస్తే ఆశించిన మేలు కనబడలేదు. 2014లో ఆ సంగతీ ఉన్నదున్నట్టు ప్రచురించారు. ఆ వ్యాసానికి చప్పట్లు లేవు. కానీ ఇంకో పసివాడికి అదే కోత పడకుండా ఆపేది అలాంటి కాగితమే.

ముందడుగు లేదని కాదు. ప్రయోగశాలలో పెంచిన కణాలతో తయారైన రక్తనాళానికి 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కాళ్లకో చేతులకో గాయమై, ధమని దెబ్బతిని, సొంత సిర వాడే వీల్లేనివారికి అది. శ్వాసనాళానికి ఆ రోజు ఇంకా రాలేదు.

అందుకే ఆ తల్లిదండ్రులతో, "కొత్తది ఇంకా లేదమ్మా. 'టీ' ఆకారపు సిలికాన్ గొట్టం పెడతాను. ఊపిరి ఆడుతుంది, శుభ్రం చేసుకుంటూ ఉండాలి" అంటాను. వాళ్ల ముఖాలు వాడిపోతాయి. 980 చెబితే వెలుగుతాయని నాకు తెలుసు. అయినా 961 చెబుతాను.

మన సంఘం బడికి కొత్త ల్యాబ్ కట్టిస్తోందట. సంతోషం. ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం: పిల్లలు నిజాయితీగా రాసిన తప్పు జవాబుకు మార్కులు వేయండి.

మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు. మాస్టారూ, దారం ఇప్పుడు బంతి మధ్య వరకూ కొలుస్తున్నానండి.

సెలవు.